వగరు తెలిసిన నాలుకకు నంది కొండల ద్రాక్ష

మా అనంతపురంలో ‘వైన్స్’ అంటే మద్యం దుకాణం అని అర్థం. బోర్డు మీద ఆ మాట ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, లోపల అరల నిండా ఉండేవి బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు మాత్రమే. ద్రాక్షతో చేసిన అసలైన వైను కావాలంటే ఏ మూలనో దుమ్ము పట్టిన రెండు మూడు సీసాలు దొరుకుతాయి. అందువల్ల మా తరం వాళ్లకు వైను సినిమాల్లో చూసినదో, చర్చిలో ఇచ్చే ద్రాక్షారసంగా విన్నదో తప్ప నాలుకకు తెలిసిన వస్తువు కాదు. నాకు మాత్రం దాని వాసన చిన్నప్పుడే పరిచయమైంది. మా వీధి చివర ఉండే టీచరమ్మగారు ఏటా నవంబరులో పెద్ద పింగాణీ జాడీలో నల్లద్రాక్ష, చక్కెర, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క ముక్క వేసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ చెక్క గరిటెతో కలుపుతూ క్రిస్మస్ నాటికి వడగట్టేవారు. ఆ గుడ్డ విప్పినప్పుడు ముక్కుకు తగిలే తీపి, పులుపు కలిసిన ఘాటు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దయ్యాక సొంతంగా కొన్న మొదటి సీసా అనుభవం మాత్రం చేదుగానే మిగిలింది. ఏడేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక దుకాణంలో ఎర్రవైను కొన్నాను. గాజు తలుపు వెనక, సాయంత్రపు ఎండ నేరుగా పడే అరలో ఆ సీసా నిలబెట్టి ఉండటం చూశాను గానీ, అది పట్టించుకోవలసిన విషయమని అప్పట్లో నాకు తెలియదు. ఇంటికి తెచ్చి తీస్తే, అడుగంటిన బెల్లం పాకానికీ పాత చింతపండు పులుసుకూ మధ్య రుచిలా ఉంది. మా ఆవిడ ఒక చుక్క నాలుక మీద వేసుకుని గ్లాసు పక్కన పెట్టేసింది. వైను మన నాలుకకు సరిపడదని ఇద్దరం తేల్చేసుకున్నాం. తరవాత తెలిసినదేమిటంటే, తప్పు వైనుది కాదు, ఎండది. నలభై డిగ్రీలు దాటే మా వేసవిలో నెలల తరబడి నిలబెట్టిన సీసాలో వైను ఉడికిపోతుంది. బిరడా ఎండి కుంచించుకుపోయి గాలి లోపలికి చొరబడుతుంది. పండు వాసన పోయి మాడు వాసన మిగులుతుంది. వైను నచ్చలేదని చెప్పే మా జిల్లా మిత్రులలో చాలామంది తాగినది ఇలా ఉడికిన సీసానే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఆ అభిప్రాయాన్ని మార్చినవాడు బెంగళూరులో ఉండే మా బావమరిది. గత ఫిబ్రవరిలో ఫోన్ చేసి, ‘‘బావా, నంది కొండల దగ్గర కోతలు మొదలైనాయి. ఒక్కసారి తోటలో నిలబడి కాయ తిని, ఆ తరవాత గ్లాసు పట్టుకో. అప్పటికీ నచ్చకపోతే మళ్లీ నీ దగ్గర ఈ మాట ఎత్తను’’ అన్నాడు. అతను మందు ముట్టడు కనుక బండి తోలే బాధ్యత తనదే అన్నాడు. అనంతపురం నుంచి పెనుకొండ, బాగేపల్లి మీదుగా చిక్కబళ్లాపురం 150 కిలోమీటర్ల పైచిలుకు దూరం. నేను చిక్కబళ్లాపురం దాకా బస్సులో వెళ్లాను, అక్కడికి అతను కారుతో వచ్చాడు.

నిజానికి నంది కొండలు మా వాళ్లకు పరాయి చోటు కాదు. మా పెన్నేరు పుట్టింది అక్కడే. ఆ కొండల్లో చిన్న సెలయేరుగా మొదలై గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగి, పెన్న అహోబిలం బండల మీద దూకి, తాడిపత్రిని ఒరుసుకుంటూ, కడప జిల్లాలోకి చేరి గండికోట దగ్గర కొండను కోసుకుని, అక్కడి నుంచి నెల్లూరు దాటి సముద్రంలోకి పోతుంది. చిత్రావతి పుట్టింది కూడా చిక్కబళ్లాపురం వైపు కొండల్లోనే. మా నదులకు నీళ్లిచ్చిన కొండ పాదాల దగ్గరే ఈ ద్రాక్ష పండుతోందని తోటలోకి అడుగుపెట్టే ముందు తోచినప్పుడు, అప్పటిదాకా విదేశీ వస్తువులా అనిపించిన వైను ఒక్కసారిగా ఇంటి దగ్గరికి వచ్చినట్టయింది. ద్రాక్ష కూడా ఈ సీమకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్, అక్కడ ఒక పణానికి (అప్పటి నాణెం) మూడు ద్రాక్ష గుత్తులు, అదే పణానికి పది దానిమ్మ పండ్లు అమ్మేవారని రాశాడు. ఆ లెక్కన దానిమ్మ కంటే ద్రాక్ష ఎంతో ఖరీదైన పండు అన్నమాట.

నంది ప్రాంతానికి వైను పటంలో చోటు రావడానికి కారణం కన్వల్ గ్రోవర్. ఆయన 1988లో దొడ్డబళ్లాపురం దగ్గర ఫ్రెంచి రకాలతో తోట వేసి, ఆ తరవాతి దశకంలో ఫ్రాన్సులో వైనుకు పేరుపడ్డ బోర్డో ప్రాంతపు ప్రసిద్ధ నిపుణుడు మిషెల్ రోలాన్‌ను సలహాదారుగా రప్పించారు. ఆ సంస్థే 2012 తరవాత గ్రోవర్ జంపాగా మారింది. కర్ణాటక ప్రభుత్వం 2007లో ద్రాక్ష, వైన్ విధానాన్ని ప్రకటించి, ప్రత్యేకంగా వైన్ బోర్డును ఏర్పాటు చేసింది. ఆ అండతో కొన్ని చిన్న వైనరీలు కూడా నిలదొక్కుకున్నాయి. మేము వెళ్లినది అలాంటి చిన్నచోటికే. ముందుగా మాట్లాడుకుని వచ్చిన వాళ్లనే లోపలికి రానిస్తారు, ఒకసారికి ఆరేడుగురికి మించి తీసుకోరు. వారి పని వేళలకు అడ్డం రాకూడదని పేరు ఇక్కడ రాయడం లేదు.

తోటలో మొదట కంటికి ఆనింది పందిరి లేకపోవడం. మా వైపు ద్రాక్ష అంటే తలెత్తి చూసేది. రాతి కూసాల మీద తీగల పందిరి, దాని కింద నీడ, నీడలో వేలాడే గుత్తులు. ఇక్కడ వరసలు కంచెలాగా నిలబడి ఉన్నాయి, గుత్తులు మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తులో వేలాడుతున్నాయి. కాయ కూడా చాలా చిన్నది, బఠాణీ కంటే కొంచెం పెద్దదంతే. తోట మేస్త్రీ బాగేపల్లి వైపు మనిషి, అరవై దాటినవాడు, మాట తెలుగే. ‘‘అనంతపురమా సామీ మీది? మా పెద్దకూతుర్ని హిందూపురంలోనే ఇచ్చినాము’’ అంటూ దగ్గరకు పిలిచి, గంటసేపు వరసల వెంట తిప్పాడు. తినే ద్రాక్షకు కాయ లావు కావాలి కనుక గుత్తులను కాయ ఊరేలా చేసే జీఏ (జిబ్బరెల్లిక్ ఆమ్లం) మందులో ముంచుతారు. వైను ద్రాక్షకు ఆ పని చేయరు, ఎందుకంటే రంగు, వాసన, వగరు ఎక్కువగా తోలులోనే ఉంటాయి, కాయ ఎంత చిన్నదైతే రసానికి తోలు పాలు అంత ఎక్కువ. చలి దేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మన ఉష్ణదేశంలో దానికి ఆ నిద్ర లేదు. అందుకని ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు వెనక్కి తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి కత్తిరిస్తారు. మొదటి కత్తిరింపు కొమ్మను కట్టుకోవడానికి, రెండోది కాపు కోసం. కాయ పండేది చలికాలపు పొడి వాతావరణంలో కావాలన్నదే ఈ లెక్క అంతా. కాయ మీద వాన పడితే బూజు తెగులు వచ్చి పంటంతా పోవచ్చు.

కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగాను. చక్కెర శాతాన్ని కొలిచే పరికరం అతని జేబులో ఉంది గానీ, దాన్ని తీయలేదు. ఒక కాయ తుంచి నా చేతిలో పెట్టాడు.

‘‘తీపి చూసి చెప్పేదానికి లేదు సామీ, తీపి ముందే వచ్చేస్తుంది. గింజ కొరికి చూడండి. ఇంకా పచ్చిగా ఉంటే చేదు తగులుతుంది. బాగా పండినాక నమిలితే వేయించిన చెనిక్కాయ మాదిరి పటుక్కుమంటుంది. అప్పుడు కోత.’’

నీడ వైపు గుత్తి నుంచి తీసిన మొదటి కాయలో గింజ పచ్చగా, మెత్తగా ఉంది. కొరకగానే వేపపుల్ల నమిలినట్టు నోరంతా చేదైంది. అదే తీగకు ఎండ వైపు ఉన్న కాయలో గింజ గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది, పళ్ల కింద నిజంగానే పటుక్కుమని విరిగింది. ఆ తరవాత తోలు ఒక్కదాన్నే నమలమన్నాడు. రసం అయిపోయాక, చివరికి చిగుళ్లూ బుగ్గల లోపలి భాగమూ పట్టుకున్నట్టు, నాలుక మీద సన్నటి గరుకు నూలుబట్ట పరిచినట్టు ఒక రుచి మిగిలింది. ఆ రుచికి పేరు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు: వగరు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. అంతకు ముందు ఒకసారి బెంగళూరులో ఒక హోటల్లో జరిగిన వైను పరిచయ కార్యక్రమానికి వెళ్లాను. అక్కడ మాట్లాడినతను ప్రతి గ్లాసుకూ బ్లాక్‌కరంట్, ప్లమ్, సీడార్ చెక్క, రాస్ప్‌బెర్రీ అని పేర్లు వల్లించుకుంటూ పోయాడు. వాటిలో సగం నేను జన్మలో తినలేదు, వాసన చూడలేదు. నాకు దొరుకుతున్నది నేరేడు పండు వాసన అని చెబితే, అలా అనకూడదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆరోజు చాలా చిన్నబోయి ఇంటికి వచ్చాను. ఈ చిన్న వైనరీలో గ్లాసులు అమర్చి కూర్చోబెట్టిన అమ్మాయి మాత్రం మొదటే, ‘‘మీకు తెలిసిన పండ్ల పేర్లే చెప్పండి సార్’’ అంది. ఆ ఒక్క మాటతో నా నాలుక కట్లు తెగిపోయాయి.

మొదట పోసినది సావిన్యోఁ బ్లాఁ అనే ఫ్రెంచి రకం ద్రాక్షతో చేసిన తెల్లవైను. లేత గడ్డిరంగు. గ్లాసును మెల్లగా గుండ్రంగా తిప్పి ముక్కు పెట్టగానే పచ్చిమిరపకాయ తొడిమ తుంచినప్పుడు వచ్చే వాసన. నేను ఇంటర్మీడియెట్‌లో రసాయనశాస్త్రం చెబుతాను కనుక దీని సంగతి తరవాత చదివి చూశాను: క్యాప్సికంకూ మిరపకూ ఆ పచ్చివాసన ఇచ్చే పైరజీన్ జాతి పదార్థాలే ఈ ద్రాక్షలోనూ ఉంటాయి. అంటే అది నా ఊహ కాదు, ముక్కు సరిగానే చెప్పింది. రెండోది షెనాఁ బ్లాఁ, అదీ తెల్లవైనే. దోర జామకాయ, వెనకగా తేనె. మూడోది షిరాజ్ అనే ఎర్రవైను. అందులో నేరేడు పండు వాసనతో పాటు అప్పుడే దంచిన మిరియాల ఘాటు స్పష్టంగా ఉంది. మిరియాలకూ షిరాజ్‌కూ ఆ ఘాటు ఇచ్చేది రొటండోన్ అనే ఒకే పదార్థమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో తేల్చారు. చివరిది ఓక్ పీపాలో ఏడాది ఉంచిన కాబెర్నే, అదీ ఎర్రవైనే. దానిలో లవంగం వాసన వచ్చింది; లవంగంలోని యూజినాల్ కాల్చిన ఓక్ చెక్కలో కూడా ఉంటుంది, అక్కడి నుంచి వైనులోకి దిగుతుంది. మనం రోజూ పోపులోనూ మసాలాలోనూ చూసే వాసనలే ఇవన్నీ. వీటిని గుర్తుపట్టడానికి పరదేశపు పండ్ల జాబితా కంఠస్థం చేయనక్కరలేదు.

వగరు విషయంలో అయితే మనమే ఒక అడుగు ముందున్నామని నా అభిప్రాయం. ఉగాది నాడు మామిడి పిందె రూపంలో పచ్చట్లో వేసుకుని, ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టే జాతి మనది. వక్క, కరక్కాయ, మేడికాయ, అరటిపువ్వు, నేరేడు, చెనిక్కాయ గింజ మీది ఎర్రటి పొర, వీటన్నిటి వగరు వేరు వేరని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్లు పట్టుకోవడంతో నోటిలోని జిగి తగ్గి ఆ గరుకుదనం పుడుతుంది. షిరాజ్‌లోని వగరు బాగా పండిన నేరేడుపండుదిలా వచ్చి వెళ్లిపోయింది. కాబెర్నే వగరు వక్కది. నమలడం మానేశాక కూడా చాలాసేపు బుగ్గల్లో ఉండిపోయింది. ఈ తేడా చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాగితం తీసుకుని ‘వక్క’ అని రాసుకుంది. పక్కనే ఉమ్మివేయడానికి ఒక పాత్ర పెట్టారు. మా తాతగారి మంచం పక్కన ఉండే ఇత్తడి తమ్మపడిగ నాకు గుర్తొచ్చింది. రుచి చూసి ఉమ్మేయడంలో అగౌరవం ఏమీ లేదు. నాలుగు రకాలూ స్పష్టంగా తెలియాలంటే తల తేలికగా ఉండాలి కదా. నేను ఎక్కువ భాగం ఉమ్మే వేశాను.

రుచి చూడటానికి ముందే పులియబెట్టే షెడ్డు చూపించారు. నాలుగు స్టీలు ట్యాంకులు, ఒక పిండే యంత్రం, గోడ పక్కన పదిహేను ఇరవై పీపాలు, ఇంతే. ఒక ట్యాంకు పైమూత తెరిచి ఉంది. లోపల తొక్కంతా పైకి తేలి, తెరలు కట్టిన ఊదారంగు మీగడలా మందంగా పేరుకుని ఉంది. ఒక కుర్రవాడు పొడవాటి కర్రతో దాన్ని కిందికి తొక్కుతుంటే నురగ బుసబుసమని పొంగి, ఈతకల్లు కుండ మూతి దగ్గర వచ్చే ఘాటే ముక్కుకు కొట్టింది. పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులిసి ఎలా మారుతుందో, అదే పని ఇక్కడ వారం పది రోజుల పాటు చల్లగా, కొలతగా జరుగుతోంది. ఒక గ్లూకోజు అణువు రెండు ఇథనాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులుగా విడిపోయే సమీకరణాన్ని ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. అది శబ్దం చేస్తుందని ఆరోజే విన్నాను. ట్యాంకు మీద చెవి ఆనిస్తే లోపల సన్నటి చిటపటలు, రేకు మీద తుంపర పడుతున్నట్టు. ట్యాంకులోకి తల వంచవద్దని కుర్రవాడు నన్ను వెనక్కి లాగాడు. ఆ వాయువు గాలికంటే బరువైనది కనుక అడుగున నిలిచి మనిషిని స్పృహ తప్పిస్తుంది. తెల్లవైనుకు మాత్రం ముందే రసం పిండి, తొక్క తీసేసి, ఇంకా చల్లగా పులియబెడతారు.

ఆ ప్రాంతంలో చాలాకాలంగా పండిస్తున్న బెంగళూరు బ్లూ గురించి కూడా ఒక మాట చెప్పాలి. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ నల్లద్రాక్షను రసానికి, జామ్‌కు, పోర్ట్ పేరుతో అమ్మే తియ్యటి చవక వైనుకు వాడతారు. మా టీచరమ్మగారి జాడీలో పడినది కూడా ఇదే అయి ఉండాలి, వాసన అదే. ఫ్రెంచి రకాలతో పోలిస్తే వైనుగా దాని రుచి మొరటుదని వైనరీల వాళ్లు అంటారు. వారి మాట నిజమే అయినా, ఆ కాయ నోట్లో వేసుకుంటే తోలు జారిపోయి లోపలి గుజ్జు ఒక్కసారిగా ఇచ్చే వాసన మరే ద్రాక్షకూ లేదని నేను అంటాను.

కొన్న రెండు సీసాలూ బావమరిది ఇంట్లోనే ఉంచాను. పక్క రాష్ట్రం నుంచి మద్యం తేవడం మీద నిబంధనలు ఉంటాయి, వాటితో పేచీ నాకు అక్కరలేదు. పైగా వేసవి దారిలో కారు డిక్కీలో నాలుగు గంటలు ఉంచితే మళ్లీ ఆ పాత ఉడికిన వైనే తయారవుతుంది. శివరాత్రి సెలవులకు మా ఆవిడతో కలిసి వాళ్లింటికి వెళ్లినప్పుడు వాటిని తెరిచాం. ఎర్రవైనును గది వేడిలో తాగాలని ఎక్కడో చదివి అలాగే పోసేవాళ్లు మనలో ఉన్నారు. ఆ మాట చలి దేశపు గదులను చూసి చెప్పినది. మన గదుల్లో దాన్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టడమో, తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద ఉంచడమో చేసి, పదహారు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర పోసుకుంటేనే పండు వాసన బయటికి వస్తుంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీతో కాబెర్నే తాగితే నోరు మండిపోయింది. కారానికి వగరు, ఆల్కహాలు రెండూ ఆజ్యం పోస్తాయి. అదే ఉగ్గానికి కొంచెం తీపి ఉన్న షెనాఁ హాయిగా కలిసింది. కారం తగ్గించి, మిరియాలతో వేయించిన వేటమాంసం పక్కన పెట్టుకున్నాక కాబెర్నే దారికి వచ్చింది. మాంసంలోని ప్రొటీను ఆ వగరును తనవైపు లాక్కుని మెత్తబరిచింది. ఏడేళ్ల కిందట గ్లాసు పక్కన పెట్టేసిన మా ఆవిడే ఈసారి, ‘‘ఇది నేరేడు పండు తిన్న నాలుకలాగుంది కదండీ’’ అంది.

మా జిల్లా నేలను తలుచుకుంటే మనసులో ఒక కోరిక కదులుతూనే ఉంటుంది. ఎర్రనేల, తక్కువ వాన, పొడిగాలి, చీనీ, దానిమ్మ తోటలకు డ్రిప్పు నీళ్లతో ప్రాణం పోయడం తెలిసిన రైతులు, ఇవన్నీ మాకున్నాయి. నంది కొండల వైపు తోటలకు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిదివందల మీటర్ల ఎత్తు వల్ల రాత్రుళ్లు చల్లబడి కాయలో పులుపు నిలుస్తుంది. అనంతపురం దానిలో సగం ఎత్తు కూడా లేదు కనుక అదే రుచి ఇక్కడ వస్తుందని అనలేను. కానీ ఎండ ఎక్కువున్న చోట పని జరగదని కూడా అనలేం. గ్రాన్యూల్స్ మందుల సంస్థను స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు బళ్లారికి ఆవల హంపి కొండల్లో కృష్మా ఎస్టేట్స్ అనే వైను తోట పెట్టి కాబెర్నే, సాంజోవేసే రకాల ద్రాక్ష పండించారు. ఒక తెలుగు జంట ఆ రాళ్ల నేలలో సాధించినది చూడాలన్నది నా తరవాతి ప్రయాణం.

దానికి ముందు మరొకటి ఉంది. ఉగాది వెళ్లిన వారానికి తోట మేస్త్రీ ఫోన్ చేశాడు. మేము చూసిన ట్యాంకులోని వైనును పీపాల్లోకి దించారట. ఏప్రిల్ కత్తిరింపు మొదలవుతోందట. ‘‘ఆకంతా కొట్టేసినాక తోట బోడిగా ఉంటుంది సామీ, చూసేదానికి ఏముంది’’ అన్నాడు. ఆ బోడి తీగే చూడాలని ఉందని చెప్పాను. కత్తెర ఎక్కడ పెట్టాలో, చిగురేసే కన్ను ఎక్కడ వదలాలో చూపిస్తానని మాట ఇచ్చాడు. వచ్చే ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరుతున్నాను. అతని కోసం మా వాళ్లింట్లో దంచిన చెనిక్కాయల ఊరిబిండి ఒక డబ్బా సంచిలో పెట్టుకున్నాను.